పెదవి విప్పని వేషం

దక్షిణాఫ్రికాలోని షాకాస్‌క్రాల్‌ ఊళ్లో మంగలి షాపు నడిపే సూబ్రాయన్ నోరు మూతపడగా చూసినవాళ్లు లేరు. కుర్చీలో కూర్చున్నవాడి మెడ మీద కత్తి ఆనించి, కొత్త రాజ్యాంగం ఎలా ఉండాలో, ఎవరు మంత్రి కావాలో తేల్చేసేవాడు. ఆ స్థితిలో కాదనే మొనగాడెవడు?

అలాంటివాడికి ఆంధ్ర సంఘం వారు ఏటా మూగ ప్రేమికుడి వేషం కట్టబెట్టేవారు. అది చెరకుతోటల్లో కూలికి వచ్చిన తాతల నాటి నాటకం. అందులో సగం తెలుగు ఆడేవాళ్లకే అర్థం కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టేవారు. చివర్లో నాయిక పడవెక్కుతుంది. నాయకుడు ప్రేమంతా గుండెలోనే అదిమిపెట్టి, గట్టున కొయ్యబొమ్మలా నిలబడతాడు. ముసలమ్మలు ముక్కులు చీదుతారు.

నాయిక వేషం వెలరీది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఆమె అంటే సూబ్రాయన్‌కు ప్రాణం. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, చెప్పాల్సినవాడే చెప్పలేదు. చెబితే ప్రేమ చవకబారిపోతుందట! అసలు సంగతి, కాదంటుందేమోనన్న బెదురు. పిరికితనానికి త్యాగమని పేరు పెట్టుకుంటే ఎంత హాయి!

తొంభై నాలుగులో, అందరికీ ఓటొచ్చిన తొలి ఎన్నికలైన మరుసటి నెల నాటకం పడింది. పడవలో కాలు పెట్టబోయిన వెలరీ ఆగి, నాటకంలో లేని మాట అంది.

"ఏమి సూబ్రాయన్, నాకేమన్నా చెప్పేదుందా?"

హాలంతా ముందుకు వంగింది. సూబ్రాయన్ పళ్ల సందున గొణిగాడు: "నీ లైను అది కాదు! పడవెక్కు!"

ఎక్కింది. తెర పడింది. చప్పట్లు మోగాయి.

తెర వెనక పూసలదండ తీసేస్తూ ఆమె చెప్పింది: "మార్‌బర్గ్ ఊరి ట్రెవర్ నన్ను పెళ్లికి అడిగినాడు. సరే అంటా."

"ట్రెవరా? వాడికి తెలుగు ఒక్క ముక్క రాదే!"

"అడిగేది వచ్చు."

పెళ్లయిపోయింది. మరుసటేడు సంఘం సమావేశంలో, ఏటా ముందు వరసలో ముక్కు చీదే అంబీ అవ్వ లేచింది. "ఎన్నేళ్లు చూసేది ఈ మూగ పీనుగని? వానికి నోరు పెట్టండ్రా!" ముగింపు మార్చాలని అందరూ చేతులెత్తారు. వద్దని ఎత్తింది సూబ్రాయన్ ఒక్కడే. కళను చంపేస్తున్నారని వేషం వదిలేశాడు. అది సంఘంలోని కుర్రాడు ఐవన్‌కు దక్కింది.

ఆ ఏడు గట్టు మీది ఐవన్, "పోవద్దు, నువ్వంటే నాకు పాణం" అని తడబడుతూ అనేశాడు. కొత్త నాయిక ప్యాట్రీషియా పడవ దిగివచ్చింది. ఈలలతో హాలు దద్దరిల్లింది.

"పాణం కాదు, ప్రాణం!" అని విసుక్కుంటూ సూబ్రాయన్ బయటికి నడిచాడు. మెట్ల మీద కూర్చుని, ఆ వాక్యాన్ని తానే ఒకసారి పైకి అని చూసుకున్నాడు. ఒక్క తప్పు లేకుండా వచ్చింది.