రెండోసారి అడగని ఊరు

ఆ రోజుల్లో నాకు చలి అంటే భయం, మొహమాటమంటే గౌరవం. రెండూ తారుమారు కావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. ఇప్పుడు మేముంటున్న అరోరాలో ఎవరింట విందు జరిగినా నేను చెప్పే కథ ఒకటుంది: "మిన్నెసోటా కొసన, కెనడా బోర్డర్ దగ్గర, ఊరికి ఊరే ఉండిపొమ్మని బతిమాలింది. నేనే కాదని వచ్చేశాను." అందులో నిజం కెనడా బోర్డర్ ఒక్కటే.

వీసా కోసం డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాల్సి వచ్చింది. నాకు దక్కిన టౌన్‌షిప్‌లో మనుషులకన్నా దుప్పులు ఎక్కువ. (దుప్పులకు ఓటు హక్కు లేదు కాబట్టి ఊరి పాలక బోర్డు మనుషుల చేతిలోనే ఉండేది.) ఒక రోడ్డు, ఒక మీటింగు హాలు, దాని పక్కగదిలో నా క్లినిక్. బోర్డు ఛైర్మన్ ఒక పెద్దాయన. మంచు తీసే ట్రక్కు నడిపేదీ ఆయనే. ట్రక్కు రాలేదని ఫిర్యాదు చేస్తే తానే విచారించి, తనను తానే క్షమించేసేవాడు.

అక్కడ ఎవరూ బాధ బయటపెట్టరు. మణికట్టు విరిగినాయన నలభై మైళ్లు డ్రైవ్ చేసుకొచ్చి "మరీ అంత ఘోరమేం కాదు, డాక్" అన్నాడు. ఎవరైనా భోజనం పెట్టబోతే నేను "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అనేవాణ్ణి. మన ఇళ్లల్లో అయితే ఆ మాట పూర్తయ్యేలోపే కంచంలో గరిటె పడుతుంది. వాళ్లు "సరే" అని గిన్నె మూసేసేవాళ్లు. మొదటి చలికాలం ఆ మర్యాదతోనే చిక్కిపోయాను. అయినా బుద్ధి రాలేదు.

మూడో ఏడాదికి ఆ ఊరు నాకు నచ్చేసింది. ఎదురొచ్చిన ప్రతివాడూ స్టీరింగ్ మీంచి రెండు వేళ్లెత్తి పలకరించేవాడు. ఉండిపోదామనుకున్నాను. నేను వెళ్తే క్లినిక్ మూతపడుతుందనీ తెలుసు. కానీ నా అంతట నేనే చెబితే ఏం బాగుంటుంది? వాళ్లు అడగాలి, నేను బెట్టు చేయాలి, వాళ్లు బతిమాలాలి.

మార్చిలో ఊరి వార్షిక సమావేశం. రోడ్డు కంకర సంగతి తేలాక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"డాక్, నీకెందుకు ఇష్టముంటుందిలే గానీ... ఇక్కడే ఉండిపోతావా?"

గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం తన అలవాటు మానలేదు. "అబ్బే, నా వల్ల ఎక్కడవుతుందండీ."

"అనుకున్నాలే" అని ఆయన కాగితం తిప్పాడు. తర్వాతి అంశం కల్వర్టు.

మళ్లీ అడుగుతారని కల్వర్టు చర్చంతా విన్నాను. హాలుకు తాళం వేసేదాకా కూర్చున్నాను. జూన్‌లో సామాను సర్దుకున్నాను.

పోయిన అక్టోబరులో మా ఆవిడ పట్టుబట్టింది. "అంత బతిమాలిన ఊరు ఒక్కసారైనా చూపించరా?" వెళ్లాం. నా క్లినిక్ గదిలో ట్రక్కు టైర్లున్నాయి. పెద్దాయనకు ఎనభై దాటాయి. "డాక్టరు ఇప్పుడు డెబ్బై మైళ్ల దూరం. మరీ అంత ఘోరమేం కాదు" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

మా ఆవిడ ఊరుకోలేదు. "ఈయన్ని ఉండమని మీరంతా చాలా బతిమాలారట కదా?"

"ఒకసారి అడిగాం. కాదన్నాడు. కాదన్నవాణ్ణి మళ్లీ అడిగితే మర్యాదేముంది? ఆ ఒక్కసారి అడగడానికే నాకు మూడేళ్లు పట్టింది."

మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను టైర్ల వైపు తిరిగాను.

పెద్దాయన ఫ్లాస్కు ఎత్తి "ఇంకో కప్పు, డాక్?" అన్నాడు. "అబ్బే" నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చెయ్యి అప్పటికే మూత వైపు వెళ్తోంది.

"పోయండి!" అన్నాను, అవసరానికి మించి గట్టిగా.

పరమ చేదు కాఫీ. కల్వర్టు చర్చ అయ్యేదాకా ఆశగా కూర్చున్న ఆ కుర్ర డాక్టర్ని తలుచుకుని నవ్వుకుంటూ, చుక్క మిగల్చకుండా తాగాను.