చెయ్యి చూసి దింపే దేవదానం మామ

మొన్న మా పాప స్కూలు బస్సులో మరిచిపోయిన నీళ్ల సీసా కోసం లోపలికి ఎక్కితే, ఎండకు కాగిన రెగ్జిన్ సీట్ల వాసన, డీజిలు వాసన, ఎవరో పడేసిన నారింజ తొక్కల వాసన కలిసి గుప్పున ముక్కుకు కొట్టాయి. ఒక్క క్షణం నేను కల్లూరులో తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.

అప్పట్లో మా బస్సు డ్రైవరు దేవదానం మామ. బండి తీసే ముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. మేం నోళ్లు మూసేది ఆ అర నిమిషమే. ఆయన కళ్లు తెరిచాడంటే ఇక సంతే. రేగుపండ్ల గింజలు గాల్లో ఎగిరేవి, ఉప్పూకారం అద్దిన చింతకాయ కోసం కొట్లాటలు జరిగేవి, ఎండాకాలం కాలిపోయే కిటికీ కడ్డీలను ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారని పందేలు సాగేవి. ముందు సీటు పిల్ల జడను కడ్డీకి కట్టేసిన ఘనురాలిని నేనే.

కానీ ఆయనకు మాకంటే మా పెద్దవాళ్లతోనే తిప్పలు ఎక్కువ. సాయంత్రం స్టాపులో ఇంటి మనిషి నిలబడి చెయ్యి పైకెత్తితే గాని ఆయన పిల్లల్ని దింపేవాడు కాదు. పొయ్యి మీద పులుసు పెట్టినవాళ్లయినా సరే పరుగెత్తుకుని రావాల్సిందే. బండల పాలిషింగు మిషను నడిపే మా నాయన రాతిదుమ్ము ఒంటితోనే వచ్చి చెయ్యెత్తి, ఈయనేమన్నా కలెక్టరా, మనం దినామూ చెయ్యెత్తి నిలబడేకి అని గొణుక్కుంటూ పోయేవాడు.

ఆ ఏడు పీర్ల పండగ వచ్చింది. మా స్టాపుకు ముందు స్టాపులోనే పీర్లచావిడి; అక్కడ తప్పెట్లు, గుండం చుట్టూ జనం, వాటికి మించి రొట్టెలు నలిపి బెల్లమూ నెయ్యీ కలిపి పంచే మలీదా. ఆ స్టాపులో ఉడకబెట్టిన శెనక్కాయలమ్మే అవ్వను పొద్దునే కిటికీలోంచి బతిమాలి, సాయంత్రం బస్సు రాగానే చెయ్యెత్తితే మలీదా తెచ్చిస్తానని ఒప్పించాను. సాయంత్రం ఆ జనంలోంచి అవ్వ చెయ్యెత్తింది. పండగకు మా జేజి వచ్చింది మామా అని అవ్వను మా నాయనమ్మగా చూపించాను. ఆయన దింపాడు.

చేతులకంటిన నెయ్యి నాకుతూ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేసరికి అమ్మ ఏడుస్తోంది, నాయన కాలువ గట్టంతా వెతికి వచ్చి ఆయాసపడుతున్నాడు. ఆయన మొహం చూసి నాకు ప్రాణం పోయినంత పనైంది. డ్రైవరు మామే మరిచిపోయి ముందు స్టాపులో దింపేశాడని చెప్పేశాను.

మర్నాడు నాయన బస్సుకు అడ్డం నిలబడ్డాడు. ఎన్నాళ్లుగానో చెయ్యెత్తి విసిగిన తల్లిదండ్రులంతా ఆయనకు తోడయ్యారు. నేరుగా బడికి పోయి నీ ఉద్యోగం ఊడగొట్టిస్తానని నాయన అరుస్తుంటే, దేవదానం మామ కిందికి దిగి వచ్చాడు.

"చెయ్యి సూసే దింపినానప్పా. అది ఎవరి చెయ్యో సూడకపోయింది నా తప్పే."

అంతే అన్నాడు. జేజి అని నేను చెప్పిన మాట ఆయన నోట రాలేదు, నా వైపు చూడనైనా లేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్నేమో. నావల్ల ఆయన ఉద్యోగం పోతుందని అప్పుడు అర్థమై ఏడుపు తన్నుకొచ్చింది.

"మామది తప్పేం లేదు నాయనా. జేజి వచ్చిందని నేనే అబద్ధం చెప్పినా."

నాయన చెయ్యి నన్ను కొట్టడానికి గాల్లోకి లేచింది.

"సాయంత్రం గూడా ఆ చెయ్యే ఎత్తప్పా," అన్నాడు దేవదానం మామ. "ఇప్పుడు పాపను ఎక్కియ్యి, బడికి పొద్దవుతాంది."

ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. నాయన లేచిన చేత్తో తల గోక్కున్నాడు. నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆ సాయంత్రం బస్సు ఆగకముందే చెయ్యెత్తి నిలబడింది మా నాయనే. నేను పదో తరగతి దాటేదాకా ఆ బస్సు దేవదానం మామే నడిపాడు.

ఇప్పుడు ఆ స్టాపులు లేవు, శెనక్కాయల అవ్వా లేదు. మా పాప బస్సు తలుపు దగ్గరి యంత్రానికి కార్డు చూపించి దిగగానే నా ఫోనుకు మెసేజి వస్తుంది. మంచిదే, నిశ్చింతగా ఉంటుంది. ఆ యంత్రానికి పిల్ల అబద్ధం చెప్పడానికి వీల్లేదు. చెప్పినా, పదిమంది ముందు ఆ అబద్ధాన్ని కడుపులో దాచుకుని తప్పు నాదే అనే మనిషి మాత్రం నాకు మళ్లీ కనపడలేదు.