గంగాధరరావుగారి ఫిన్లాండ్

మా వైస్ ప్రిన్సిపాల్ గంగాధరరావుగారి నోట ఏ మాటా సొంత దేశంలో మొదలవదు. చైతన్యపురి మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే మా జూనియర్ కాలేజీ. ఆయన మాత్రం రోజూ ఫిన్లాండ్ నుంచే వచ్చినట్టు మాట్లాడతారు. పాస్‌పోర్టు కూడా లేదు మహానుభావుడికి!

క్యాంటీన్‌లో సాంబారు నీళ్లలా ఉందంటే, "డెన్మార్కులో అయితే పిల్లలు బాగుందన్నాకే గిన్నె దించుతారండీ" అంటారు. ఫ్యాను తిరగకపోతే జపాన్, కుళాయి కారితే కెనడా.

"సార్, ఇయ్యాల ఏ దేశం?" అని మేం లెక్చరర్లం అడుగుతాం.

"నార్వే అండీ" అంటూ టిఫిన్ బాక్సు విప్పుతారు.

మాది మహా గొప్ప కాలేజీ. కిటికీలు తెరవం, బయటి గాలి సోకితే ర్యాంకు పడిపోతుందట. ఆటస్థలం బ్రోషర్‌లో పచ్చగా ఉంటుంది. ఆదివారం పరీక్షలో మార్కులు తగ్గినవాళ్లు సోమవారం అందరూ చూస్తుండగా బ్యాగు మోసుకుని చివరి సెక్షన్‌కు నడవాలి. దీన్ని మా చైర్మన్ లింగస్వామిగారు 'మోటివేషన్' అంటారు.

ఈసారి మన్సూరాబాద్ గీత వంతు. నిన్నమొన్నటిదాకా గలగలా నవ్విన పిల్ల అన్నం మానేసింది. "నేను ఉండుడే దండుగ సార్" అంది నాతో. వెంటనే వెళ్లి గంగాధరరావుగారికి చెప్తే, ఆయన నన్ను వెంటబెట్టుకుని నేరుగా చైర్మన్ గదికి నడిచారు.

"సార్, గా పిల్లను నడిపియ్యద్దు. మస్తు పరేషాన్ల ఉన్నది" అన్నాను.

"గిదేంది మహిపాల్? పిల్లలన్నంక ఏడుస్తరు. ర్యాంకులు ఊకెనే ఒస్తయా?"

గంగాధరరావుగారు గొంతు సవరించుకున్నారు. "ఫిన్లాండ్‌లో ఈ నడకలు ఎప్పుడో మానేశారండీ. పిల్ల దిగులుగా ఉంటే ముందు ఇంట్లోవాళ్లని పిలుస్తారు, కౌన్సెలర్‌కి చూపిస్తారు. ర్యాంకులు వాటంతటవే వస్తాయట."

చైర్మన్ కళ్లు మెరిశాయి. "గట్లనా! ముందుగాల చెప్పరేంది? మనం గూడ గట్లనే చేద్దాం. బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాపియ్యుండ్రి!"

బయటికొచ్చాక అడిగాను. "సార్, ఫిన్లాండ్‌ల నిజంగ గట్లనేనా?"

"నాకేం తెలుసండీ? బెజవాడ బస్సెక్కడం తప్ప నేను దేశాలెరుగుదునా? మన పిల్ల ఏడుస్తోందంటే ఈయన వినడు. ఫిన్లాండ్ అంటే వింటాడు. అందుకే మన పిల్లలకి ఏం కావాలో అది ఫిన్లాండ్ మీద పెట్టి చెప్తాను."

ఆ సోమవారం ఎవరూ నడవలేదు. గీత వాళ్లమ్మ లచ్చమ్మ పరుగున వచ్చి బిడ్డను కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది. మెల్లగా పిల్ల ముఖం తేటపడింది.

ఒకరోజు క్యాంటీన్‌లో గీత పళ్లెంతో గంగాధరరావుగారి ఎదుట నిలబడింది. "సార్, డెన్మార్క్‌ల గూడ సాంబారు గిట్ల నీళ్లలెక్కనే ఉంటదా?"

"అక్కడ మరీ ఘోరం తల్లీ, నువ్వు తిను" అన్నారు గంగాధరరావుగారు, జన్మలో మొదటిసారి మన దేశాన్ని మెచ్చుకుంటూ.