ఎల్లవ్వ ముంత

మా పక్కింటి ఎల్లవ్వకు ఒక పాత అలవాటు. వండుకునే బియ్యంలోంచి ముందుగా పిడికెడు తీసి ముంతలో పోస్తుంది. వాకిట్లోకి భిక్షకు వచ్చే జంగమయ్యకు ఉండాలని వాళ్ళమ్మ నేర్పిందట. సిద్దిపేటలో మా గల్లీకి జంగమయ్యలు రావడం మానేసి ఏళ్ళయింది. ఎల్లవ్వ మాత్రం మానలేదు.

ఒకప్పుడు చిన్నకోడూరు దాకా నాట్లకూ కోతలకూ పోయేది. కోతలకు మిషన్లొచ్చాయి, ఆమె మోకాళ్ళు అరిగాయి. భర్త దుర్గయ్య పోయాక పొయ్యి రోజు విడిచి రోజు వెలిగేది. అప్పుడు ఫుడ్ బ్యాంకు వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చారు. ఆకలిని వేళ్ళతో సహా పెకలిస్తామంటూ ఆడవాళ్ళకు కుట్టుపని కూడా నేర్పారు. సూదిలో దారం ఎక్కించే చూపు ఎల్లవ్వకు లేదు. ఆ బియ్యం సంచే ఆమెకు దిక్కయింది.

ముంత నిండిన నెల, ఫుడ్ బ్యాంకు వ్యాను రాగానే ఆ బియ్యాన్ని డ్రైవరు కర్ణాకర్ సంచిలో పోసింది.

"నాకన్న లేనోళ్ళుంటరు కొడుకా, వాళ్ళకియ్యి" అంది.

కర్ణాకర్ మురిసిపోయి ఫొటో తీశాడు. అది చూసి ఫుడ్ బ్యాంకు ఆఫీసు నడిపే స్వరూప మేడమ్ ఇంకా మురిసింది. 'తీసుకున్న చేయే ఇస్తోంది' అని ఎల్లవ్వ బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టించింది. మరుసటి నెల నుంచి ఎల్లవ్వకు సంచి బంద్. ఈమెకు మిగులుతోంది కదా, లేనివాళ్ళకు ఇద్దామన్నారు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

నాకు ఒళ్ళు మండింది. "పోయి చెప్పు అవ్వా, ఇంట్ల గింజ లేదని."

"ఇచ్చినంక మళ్ల అడుగుడేంది బిడ్డా? గంత పెద్ద బొమ్మ కట్టిన్రు. ఏడ్సుకుంట పోతే నవ్వరా?"

నేనే ఆఫీసుకు పోయాను. స్వరూప చెడ్డది కాదు, అదే నా బాధ.

"శానమంది ఎదురుచూస్తున్నరక్కా. కొందరిండ్లల్ల చిన్నపిల్లలున్నరు. ఎవరిది తీసి ఈమెకియ్యమంటరు?" అంది.

ఇంటికొచ్చి గిన్నెడు బియ్యం తీసుకెళ్ళి ఎల్లవ్వకు ఇచ్చాను. వద్దు వద్దంటూనే తీసుకుంది.

మర్నాడు మిగతా ఇళ్ళకు సంచులివ్వడానికి వ్యాను వచ్చింది. ఎల్లవ్వ ముంతతో బయటికొచ్చింది. ముంత నిండా నేనిచ్చిన బియ్యమే. నేను పరుగున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వేం తింటవ్ అవ్వా?"

"ఆ పిలగాడు నా ముంత కోసం చూస్తడు బిడ్డా. లేదని ఎట్ల చెప్పాలె?" అంది మెల్లగా. కర్ణాకర్‌కు చెప్పేస్తానేమోనని భయంగా నా వైపు చూసింది. నేను ఆమె చెయ్యి వదిలేశాను.

బియ్యం సంచిలో పడింది. కర్ణాకర్ మళ్ళీ ఫోను తీశాడు. ఎల్లవ్వ కొంగు సర్దుకుని నిలబడింది. వెనక, తెరిచిన తలుపులోంచి నిన్నటి నుంచీ రాజెయ్యని పొయ్యి కనబడుతోంది.