అమ్మ గదికి వేసిన పచ్చరంగు

నా చిన్నప్పుడు ఒక చలికాలం మా ఇంట్లో ఎవరికీ కుదురన్నది లేదు. సూళగిరిలో అప్పుడే కట్టుకున్న ఇల్లు. మా నాయన హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోయేవాడు. ఆఫీసర్ల ఇళ్ళలో గోడలు చూసి వచ్చాడేమో, మనకూ అలాంటి మెరుపే కావాలని పట్టుబట్టి, ముందుగా అమ్మ పడుకునే గదికి చిలకపచ్చ ఆయిల్ పెయింటు వేయించాడు. గోడను చేత్తో నిమిరి తెగ మురిసిపోయేవాడు. ఇంక ఇంట్లోకి అద్దం కొనే పని లేదని మా అవ్వ ఎగతాళి చేసేది.

అమ్మకు ఉబ్బసం. ఆ చలికి రాత్రిళ్ళు కిటికీలు మూయక తప్పదు, మూస్తే రంగు వాసన. పడుకుంటే ఆయాసం, లేస్తే దగ్గు. ఆమెతోపాటు నేనూ లేచి వీపు రాస్తూ, నీళ్ళు కాస్తూ తిరిగేదాన్ని. అమ్మకేమైనా అవుతుందేమోనని చచ్చేంత భయం. అవ్వ ఒకసారి నాయనతో చెప్పి చూసింది. "రెండు దినాల్లో పోతాదిలేమ్మా" అని తేల్చేశాడు. ఆయనకు రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి బయట తిన్నె మీద గాలికి పడుకునే మనిషికి ఆ గది సంగతి ఏం తెలుస్తుంది? ఆయన సంబరం చూసి అమ్మ నోరెత్తలేదు. ఇంతలో మిగిలిన గదులకూ డబ్బాలు దిగాయి. మర్నాడే పెయింటరు వస్తాడన్నారు.

పెయింటరు రావాల్సిన ఆ పొద్దున నాయన బస్సు దిగి వచ్చేసరికి అవ్వ తిన్నె మీద కడవల కొద్దీ నీళ్ళు కుమ్మరించి కడుగుతోంది. "ఈడంతా తడిగా ఉండాదప్పా. పోయి గదిలో పండుకో" అంది. ఆయన లోపలికి పోగానే, ఈగలొస్తాయంటూ కిటికీ మూసి తలుపు దగ్గరికి లాగింది. తర్వాత గడప దగ్గర కూర్చుని తీరిగ్గా అనపకాయలు ఒలుచుకుంటోంది. నేను మాత్రం పెయింటరు వచ్చేస్తాడేమోనని వీధికీ గడపకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

లోపల మంచం కిర్రుమంది. కాసేపటికి దగ్గు వినిపించింది. ఆ తర్వాత నాయన ఎర్రటి కళ్ళతో బయటికి వచ్చాడు.

"ఆడ ఎట్ల పండుకునేదమ్మా? తల పగిలిపోతాండాది."

అవ్వ తలెత్తలేదు. "నీ పెండ్లాం ఎట్ల పండుకుంటాందో ఆమెనే అడుగు."

అమ్మ పొయ్యి పక్కన గోడకు తల ఆనించి, కూర్చునే కునుకు తీస్తోంది. నాయన పోయి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఆమె కళ్ళు తెరిచాక, "గోడలకు ఏమేసేది?" అని అడిగాడు. ఇంటి గురించి ఆయన అమ్మను అడగడం నాకు తెలిసి అదే మొదలు. "సున్నమే చాలు" అంది అమ్మ.

డబ్బాలు అంగడికి వెనక్కి పోయాయి. అవ్వ సున్నపురాళ్ళు నానేసి, పాత చీరలో వడగట్టి గోడలకు కొట్టింది. గోడల కింది అంచుకు ఎర్రమన్ను పూసింది. ఆ పచ్చరంగును మాత్రం నాయన సెలవు పెట్టి తానే రేకుతో గీకాడు. అదంతా ఊడేదాకా అమ్మ అవ్వ పక్కన నడవలోనే పడుకుంది.

పెద్దయ్యాక నేనూ ఇళ్ళు సర్దుకున్నాను. చెక్క బీరువా అయినా, పరుపయినా, రంగయినా అంగడివాళ్ళు మెరుపు గురించే చెబుతారు. నేను ముందు వాసన చూస్తాను. పగలూ రాత్రీ దాని పక్కన ఉండబోయే మనిషిని అడిగాకే కొంటాను. ఎవరింటికి పోయినా సరే, పచ్చి రంగు వాసన తగిలిందంటే మర్యాద మరిచిపోతాను. ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారో తెలుసుకునేదాకా నా కాళ్ళు ఒకచోట నిలవవు.