నాలుగో నంబరు గది, జూన్ రెండో వారం

మా మేనత్త వరహాలమ్మ బరంపురంలో ఖాళీ డబ్బాల వ్యాపారం చేసి బతికింది. మిఠాయి దుకాణాల దగ్గర నూనె డబ్బాలు కొని, కడిగించి, సొట్టలు తీయించి మళ్లీ అమ్మేది. డబ్బాను వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, ఆ చప్పుడును బట్టి, మళ్లీ అమ్మితే ఎంత పలుకుతుందో చెప్పేసేది. ఆ లెక్క తప్పడం నేను చూడలేదు. తప్పింది ఒక్కసారే. ఆ ఒక్క తప్పుకి ఆవిడ ఏం చేసిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా వీధిలో ఒక కట్టుబాటుంది. సరుకు నచ్చకపోతే అమ్మినవాడే కొంత తరుగు కోసుకుని తిరిగి తీసుకుంటాడు. కాగితాలేమీ ఉండవు. కొనేటప్పుడే సాటి వర్తకుణ్ణి పట్టుకుని "తిరిగి తీసుకుంటావా?" అని అడిగితే వాడి మొహాన ఉమ్మినట్టే.

తొంభై ఏడులో మా వీధివాడే రామచంద్రరావు పప్పుల దుకాణం మూసేసి, గోపాలపురం సముద్రం ఒడ్డున కొందరితో కలిసి విడిది గదులు కట్టించాడు. గది మొత్తం కొననక్కర్లేదు, ఏడాదికో వారం కొనుక్కుంటే చాలు, గడువు తీరేదాకా ఆ వారం మీదే అనేవాడు. అత్త దగ్గరికి వచ్చి సొంత అక్కని పిలిచినట్టు "అప్పా, అప్పా" అంటూ నాలుగు రోజులు కూర్చున్నాడు. భర్త పోయాక ఇరవై ఏళ్లలో అత్త ఒక్కరోజు కూడా కొట్టు మూయలేదు. ఒక వారం కూర్చుని తినాలన్న కోరిక ఆవిడకి ఉందని ఆ మహానుభావుడు ఎలా కనిపెట్టాడో మరి.

గడువులు మూడు రకాలు: అయిదేళ్లు, పదిహేనేళ్లు, ముప్పై మూడేళ్లు. అత్త రాత్రంతా తన లెక్క తను వేసుకుంది. డబ్బాల్లో రేకు మందం ఎంత ఎక్కువైతే రెండోసారి అంత ఎక్కువ పలుకుతుంది కదా, గడువూ అంతే అనుకుంది. పొడుగు గడువు తీసుకుంటే ఏడాదికి చవక, అవసరమొస్తే అమ్మినా మంచి ధర. రామచంద్రరావు కూడా అవునవునన్నాడు. వద్దనుకున్న రోజు మేమే తీసుకుంటాం అప్పా అన్నాడు. దాన్ని కాగితం మీద రాయించుకోలేదు మా అత్త. వీధివాణ్ణి అలా అడగడమేమిటి? వారం కూడా చవకదే ఎంచుకుంది. వానలు పట్టే జూన్ రెండో వారం, నాలుగో నంబరు గది. ఆ రోజుల్లో డబ్బాల బేరం మందకొడిగా ఉంటుంది మరి.

రెండేళ్లు తిరిగాక అక్టోబరు తుపానుకి మా అత్త కొట్టు కప్పు ఎగిరిపోయింది. కడిగి పేర్చిన డబ్బాలన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ కొట్టు నిలబెట్టాలంటే డబ్బు కావాలి. ఒప్పందం కాగితం చీర కొంగులో కట్టుకుని విడిది ఆవరణలోనే ఉన్న రామచంద్రరావు ఆఫీసుకి వెళ్లింది, నేను కూడా వెళ్లాను. తరుగు కోసుకుని మిగతాది ఇమ్మంది. అతను బల్ల దగ్గరున్న పదిమంది వైపూ చూసి నవ్వాడు.

"ఇది ఖాళీ డబ్బా కాదమ్మా, తట్టి సూసి తిరిగిచ్చెయ్యడానికి. జూన్ వారం కుక్క కూడా కొనదు. ముప్పై మూడేళ్లు నువ్వే అనుభవించు, ఎల్లు."

అప్ప కాస్తా అమ్మ అయింది. పదిమందీ నవ్వారు. నా చెవులు మండిపోయాయి. అత్త మాత్రం కాగితాన్ని మళ్లీ కొంగులో ముడేసుకుని మెట్లు దిగింది. మెడలో పుస్తెల తాడు మిగలలేదు కనక గాజులమ్మి కొట్టు కప్పించింది.

తర్వాత ఆవిడ చేసిన మొదటి పని ఛత్రపూర్ వెళ్లడం. అక్కడ కోర్టు దగ్గర ఒక వకీలుకి టైపు చేసే సత్యవతి మాకు దూరపు చుట్టం. ఆమె చేత ఒప్పందం మొత్తం చదివించుకుంది. పద్నాలుగు పేజీలు, రెండుసార్లు. పదకొండో పేజీ దగ్గర మళ్లీ చదవమంది. గడువు తీరేదాకా ఈ స్థలం అమ్మాలన్నా, కట్టడం పడగొట్టాలన్నా వారం కొన్న ప్రతి సభ్యుడూ సంతకం పెట్టాలని అక్కడుంది. కొనేవాళ్లకి నమ్మకం కలగాలని రామచంద్రరావే రాయించిన మాట అది. ఏటా కట్టాల్సిన ఖర్చు కట్టకపోతే మాత్రం సభ్యత్వం పోతుంది.

అప్పట్నుంచి ఏ ఏడూ ఆ ఖర్చు కట్టే తేదీ దాటనివ్వలేదు. పస్తున్న ఏడు కూడా కట్టి రసీదు తెచ్చుకుంది. జూన్ రెండో వారం రాగానే కొట్టు మూసి గోపాలపురం బస్సెక్కేది. గదిలోంచి కుర్చీ వరండాలోకి లాగి, సముద్రానికి వీపు పెట్టి, రామచంద్రరావు ఆఫీసు వైపు తిరిగి కూర్చునేది. ఏడు రోజులూ అంతే. అతను కిటికీ మూసుకుంటే తెరిచేదాకా చూసేది. నిజం చెప్పొద్దూ, ఆ ముసలిదాని చూపు నా మీద పడితే నేనూ ఊరొదిలి పోదును.

రెండువేల పదమూడులో వచ్చిన తుపాను విడిది మొత్తాన్ని చితక్కొట్టింది. సభ్యులంతా ఇచ్చిందేదో పుచ్చుకుని సంతకాలు పెట్టేశారు. ఒక పెద్ద హోటలువాళ్లు ఆ స్థలానికి మంచి ధర ఇస్తామన్నారు. రామచంద్రరావు నెత్తిన బ్యాంకు అప్పుంది. కావలసింది ఇక ఒక్క సంతకం.

అతను మా వీధికొచ్చి, అత్త కొట్లో తిరగొచ్చిన డబ్బాలు పెట్టే బల్ల మీద కూర్చున్నాడు. అప్పా అన్నాడు. కొన్న ధరకి మూడింతలన్నాడు, అయిదింతలన్నాడు. చివరికి పదింతలన్నప్పుడు నాకు నోరూరిన మాట నిజం. అత్త కాగితాన్ని బల్ల మీద పరిచి వేలి కణుపుతో తట్టింది.

"ఆ రోజున తరుగు కోసుకుని తీసుకునుంటే ఇప్పుడు నీకు ఈ బాధ లేకపోవును బాబూ. ముప్పై మూడేళ్లు నన్నే అనుభవించమన్నావు. ఇంకా పదహారున్నాయి. గది బాగుచేయించు, జూన్‌లో వస్తాను."

బాగుచేయించక తప్పింది కాదు. చుట్టూ గోడలు కూలిన విడిదిలో ఆఫీసు కాక నాలుగో నంబరు గది ఒక్కటే సున్నం వేసుకుని నిలబడింది. దానికో కాపలావాడు. హోటలువాళ్లు రెండేళ్లు చూసి వెళ్లిపోయారు. బ్యాంకు రామచంద్రరావు ఇల్లు వేలం వేసింది. అతను ఆఫీసు గదిలోనే మంచం వేసుకున్నాడు. జూన్‌లో అత్తకీ అతనికీ మధ్య నలభై అడుగులు.

ఒకసారి నేనే ఉండబట్టలేక, చాల్లే అత్తా, ఆ మనిషి చిక్కి సగమయ్యాడు, సంతకం పెట్టేయ్ అన్నాను. ఆవిడ నావైపు తిరగలేదు.

"నవ్విన పదిమందిలో ఒక్కడొచ్చి తప్పన్నాడేట్రా?"

మళ్లీ ఆ మాటెత్తలేదు. రామచంద్రరావు ఆ ఆఫీసు గదిలోనే పోయాడు. కబురు తెలిసి అత్త తలూపి, చేతిలో డబ్బా కింద పెట్టకుండా పని చేసుకుంది. మరుసటి జూన్‌లో ఖాళీ కిటికీ వైపు తిరిగి ఏడు రోజులూ కూర్చుంది.

ఈ మార్చిలో అత్త పోయింది. కొట్టు పనివాళ్లకి రాసింది. ఒప్పందం కాగితం మాత్రం నా పేర పెట్టించింది, ఈ ఏటి రసీదుతో సహా. పన్నెండో రోజు భోజనాలు కాకముందే రామచంద్రరావు కొడుకు వచ్చాడు. మర్యాదస్తుడు. మళ్లీ హోటలువాళ్లు వచ్చారట, ఇంకా ఆరేళ్లు ఆగలేరట. అతను చెప్పిన మొత్తం నేను జన్మలో చూడను. ఆలోచించి చెబుతానన్నాను. మూడు నెలలు నిజంగానే ఆలోచించాను. ఆ అబ్బాయి నాకు ఏ అపకారమూ చేయలేదు. మా ఇంటికి డబ్బు అవసరం లేదని అబద్ధమాడను.

నిన్న జూన్ రెండో వారం మొదలైంది. కాపలావాడు తాళం తీసిచ్చాడు. ఆఫీసు కిటికీ దగ్గర ఆ అబ్బాయి నిలబడి ఉన్నాడు, నేను సంతకానికే వచ్చాననుకున్నట్టున్నాడు, చేయి ఊపాడు. నేనూ అలాగే అనుకునే బస్సెక్కాను. వరండాలోకి కుర్చీ లాగాను. సముద్రం వైపే వేద్దామని చూశాను. గచ్చు మీద అత్త కుర్చీ కాళ్లు ఏళ్ల తరబడి చేసిన నాలుగు గుంటలున్నాయి. కుర్చీ వాటిలో కుదురుగా కూర్చుంది, ఆఫీసు వైపు తిరిగి.