మా అవ్వ చదివించిన దస్తావేజు

అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే, నా చిన్నప్పుడు, మాదే చివరి ఇల్లు. మా అవ్వ ఉప్పు గంపలు మోసి కూడబెట్టి కొన్న ఇరవై సెంట్ల ఇసుక నేల అది. చుట్టూ కంచె, కంచెలో బండి పట్టేంత సందు, ఆ సందుకు అడ్డంగా మోకాలెత్తు ముళ్ళకంప. మా వైపు అదే తలుపు. కంప అడ్డం ఉంటే పిలవకుండా ఎవరూ లోపలికి రారు.

మా ఇంటి వెనక ఊరి మోతుబరి సరుగుడు తోట ఉండేది. కర్ర నరికించి, చుట్టూ తిరగడమెందుకని మా నేల మీదుగా బండ్లు తోలించాలనుకున్నాడు ఆయన. అవ్వకు అదే దిగులు. ఒక్క ఏడు బండ్లు తిరిగితే జాడ పడుతుంది, జాడ కాస్తా దారవుతుంది, ఇక దాన్ని మూయనివ్వరు. ఉన్న కాస్త నేలా రెండు ముక్కలైపోతుంది.

ఆ పొద్దున నాలుగు బండ్లు వచ్చి కంచె ముందు నిలిచాయి. ఆయనే దిగి వచ్చాడు.

"కంప తియ్యి ముసలమ్మా. ఎద్దులు నిలబడుండాయి."

"తియ్యనయ్యా. ఇది నా నేల."

"నీ నేలంట! ఎవురు చెప్పినారు?"

అవ్వ లోపలికి వెళ్ళి, బియ్యం కుండలో గుడ్డ చుట్టి దాచిన దస్తావేజు తెచ్చి కంప మీదుగా అందించింది.

"నాకు చదవను రాదు. నువ్వు చదువుకున్నోడివి. అందరికీ వినబడేట్టు చదువయ్యా."

బండివాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వుతూనే మొదలుపెట్టి తూర్పు హద్దు, పడమర హద్దు చదివాడు. ఈ హద్దుల నడుమ ఇంకెవరికీ దారి గానీ హక్కు గానీ లేదన్న చోటికి వచ్చేసరికి గొంతు తగ్గింది. కింద అమ్మినవారి సంతకం వాళ్ళ నాయనదని అవ్వ తర్వాత చెప్పింది. ఆ పేరు పైకి చదవలేదు. కాగితం మడిచి రెండు చేతులతో అవ్వకిచ్చి, బండ్లు వెనక్కి తిప్పించాడు. ఆయన వస్తుంటే ఊరు లేచి నిలబడేది. అంత మనిషి ఆ ముళ్ళకంప దాటలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

కాసేపటికి చేపల గంపలతో ఆడవాళ్ళు వచ్చి, "ఎండ మండతా ఉంది, ఇట్టా పోనిస్తావా అవ్వా?" అన్నారు. అవ్వ తనే కంప పక్కకు లాగింది. వీళ్ళనెందుకు రానిచ్చావన్నాను.

"వాళ్ళు అడిగినారు గదమ్మే," అంది.

నా మొగుడు చనిపోయిన ఏడాది, రొయ్యల గుంటలవాళ్ళు వచ్చి నా చేలో పైపులు పరుస్తున్నామని చెప్పారు. అడగలేదు, చెప్పారు. సంతకం పెట్టడం తప్ప అక్షరం రాని దాన్ని. అయినా వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు, గొంతూ పెంచలేదు. వద్దంటే ఎంతటి మనిషైనా ఆగడం నేను కళ్ళారా చూశాను.